తీగ ఊడినా మైన్లు పట్టిన డిటెక్టర్

ఈ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు నన్ను చూడగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నీ చేతిలో ఎప్పుడైనా పేలిందా పెద్దాయనా?" పేలి ఉంటే ఈ కాగితాలు ఇంకెవరో రాసేవారు, నేను గోడమీద ఫోటోలో దండ వేసుకుని ఉండేవాణ్ణి. రెండో ప్రశ్న: "ఏ డిటెక్టర్ మంచిది?" ఇది అడగాల్సిన ప్రశ్నే. ఒక్క మాటలో చెప్పగలిగితే చెప్పి పంపేసేవాణ్ణి. చెప్పలేక ఇదంతా రాస్తున్నాను.

నాకు ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో, ఎన్ని ఫారాలు నింపానో ఇందులో వెతక్కండి. వాటిని దాచుకోవడానికి ఆఫీసులో బీరువాలున్నాయి. నేను రాసేది ఒక యంత్రం గురించి, ఒక పొలం గురించి, నేను చేసిన ఒక వెధవ పని గురించి.

పాతేవాడు

నేను ఐదో తరగతి రెండుసార్లు చదివాను. రెండోసారికి పాఠాలన్నీ నాకు బాగా అర్థమయ్యాయి గానీ, అయ్యవారికి నేను అర్థం కాలేదు. బడి మానేసి పొలం పనుల్లో పడ్డాను. యాభైల చివర్లో ఒక లారీ, మూడు గుడారాలు, ఒక ఇంజనీరు దొర తనకల్లు దారిలోని ఒక పల్లె పక్కన దిగి, తవ్వే మనుషులు కావాలన్నారు. తవ్వడం మాకు పుట్టుకతో వచ్చిన చదువు. వెళ్ళాను.

సంగతేమిటంటే, పెద్ద యుద్ధం రోజుల్లో శిక్షణ కోసమని ఒక పటాలం ఆ ఊరి పొలాల్లో దిగింది. మైన్లు పాతడం, తీయడం నేర్చుకున్నారు. పాతడం మాత్రం బాగా నేర్చుకున్నట్టున్నారు. వెళ్ళేటప్పుడు పొలం చుట్టూ ముళ్ళతీగ లాగి, ఎర్ర పలక ఒకటి కట్టి వెళ్ళిపోయారు. ఏది ఎక్కడ పాతారో గీసిన పటం తర్వాత ఎవరి దగ్గరా దొరకలేదు. తీగ లోపల చిక్కిన పొలాల్లో ఓబులమ్మ నాలుగెకరాలు కూడా ఉన్నాయి. ఆమెకు ఉన్నది అంతే. ఒకసారి ఆమె ఎద్దు తీగ సందులోంచి దూరి గడ్డికి పోయింది. ఎద్దు తిరిగి రాలేదు, చప్పుడు మాత్రం ఊరంతటికీ వచ్చింది. అప్పటినుంచి ఆమె సొంత పొలాన్ని తీగ ఇవతలినుంచి చూసుకుంటూ, ఇంకొకరి చేలో కూలికి పోతూ ఉండేది.

ఆ పొలాలను శుభ్రం చేయడానికి ముందు యంత్రాన్ని పరీక్షించాలి. మా ఇంజనీరు పేరు వరదన్. మద్రాసు వైపు మనిషి, తెలుగు పుస్తకంలోంచి చదివినట్టు మాట్లాడేవాడు. ఆయన తీగకు అర మైలు దూరంలో మెత్తని ఎర్రనేల చూసి, తాళ్ళు కట్టి రెండేసి గజాల వెడల్పున పొడుగాటి పట్టీలు చేయించాడు. ఆ పట్టీల్లో లోపలి మందు తీసేసిన ఉత్త మైన్లు పాతాలి. వానపడి, ఎండకాసి, పైమట్టి ఎప్పటిలా అయ్యాక, డిటెక్టర్ పట్టుకున్నవాడు వచ్చి వెతకాలి.

ఆయన పద్ధతి గట్టిది. పాతేవాడు వెతకకూడదు, వెతికేవాడు పాతేటప్పుడు చూడకూడదు. పాతడం నాకు అప్పగించాడు.

"నరసింహులూ, వరుస ఉండకూడదు. నీ మనసుకు ఎక్కడ తోస్తే అక్కడ పాతిపెట్టవలెను."

"నా మనసుకు ఎప్పుడూ వరుస ల్యాదు సార్. మా అయ్యవారు కూడా అదే అనేవాడు."

ఆయన నవ్వలేదు. టేపు తీసుకుని నా వెనకే నడిచి, నేను పాతిన ప్రతి చోటునూ కొలిచి తన కాగితంలో రాసుకున్నాడు. ఆ కాగితం ఆయన పెట్టెలో, తాళం ఆయన జంధ్యానికి.

పళ్ళెం పాట

ఇప్పుడు మీ చేతిలో ఉండే డిటెక్టర్ బరువు మా రోజుల్లో వినడానికి తగిలించుకునే చెవిగిన్నెలే ఉండేవి. పొడుగాటి కర్ర, కర్ర చివర తీగచుట్టలున్న పళ్ళెం, వీపున వాల్వులూ బ్యాటరీలూ నిండిన పెట్టె. పళ్ళేన్ని నేలకు బెత్తెడు ఎత్తున అటూ ఇటూ ఊపుతూ పోతే చెవిలో సన్నగా రొద వినిపిస్తుంది. కింద ఇనుము ఉంటే ఆ రొద పైకి లేస్తుంది. అక్కడ సున్నం పూసిన రాయి ఒకటి పెట్టి ముందుకు పోవాలి. అంతే పని. మూడు గంటలు చేస్తే మెడ పట్టేస్తుంది, ఆరు గంటలు చేస్తే ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నా చెవిలో అదే పాట.

వెతికేవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. వాళ్ళలో మస్తాను దిట్ట. పాతినవి ఇరవై అయితే ఇరవైకీ రాళ్ళు పెట్టేవాడు. మిగతా ఇద్దరూ ఒకటో రెండో వదిలేవారు. వరదన్ సార్ మొహంలో వెలుగు. ఇంత బాగా పనిచేసిన యంత్రాన్ని తాను ఎక్కడా చూడలేదన్నాడు. రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు. వచ్చే సోమవారం లారీ ఎక్కి, తీగ లోపలికి పోవడమే.

ఓబులమ్మ రోజూ కూలికి పోతూ మా పట్టీల దగ్గర ఆగేది.

"ఏమప్పా నరసిమ్ముడా, మీరు పాతతాండారు, మీరే తీస్తాండారు. ఎలకలు కూడా ఇదే పని చేస్తాయి, వాటికి దొర ల్యాడు."

"అత్తా, ఇది పరీచ్చ."

"పరీచ్చలో నువ్వు యాడ పాసైనావని! పెద్ద వానలొచ్చేలోపల నా సేన్లో మడక కట్టి దున్నల్ల. మీ దొరకు చెప్పు."

"చెప్తా అత్తా, సోమవారం పోతాండాం."

ఆ మాట విని ఆమె నెత్తిమీది బుట్ట సర్దుకుని, తీగ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఊడిన తీగ

శుక్రవారం పొద్దున మస్తాను కొత్త పట్టీ మీద వెతుకుతున్నాడు. నేను వెనక తాడు పట్టుకుని నడుస్తున్నాను. చూస్తే వాడి వీపున ఉన్న పెట్టెలోంచి చెవిగిన్నెల తీగ ఊడిపోయి, ఎద్దు తోకలాగా అటూ ఇటూ ఊగుతోంది. నాకు నవ్వొచ్చింది. చెప్పకుండా ఊరుకుంటే వీడెంత దూరం పోతాడో చూద్దామనుకున్నాను.

వాడు కొంత దూరం పోయి ఆగాడు. పళ్ళేన్ని నేలమీద రెండుసార్లు తిప్పాడు. తల ఊపి సున్నపు రాయి పెట్టాడు. సరిగ్గా నేను మైను పాతిన చోట.

యాదృచ్ఛికం అనుకున్నాను. వాడు ఇంకొంచెం నడిచి, ఎడమ పక్క ఇంకో రాయి పెట్టాడు. అక్కడా నా మైనే ఉంది. మూడో రాయికి నా నవ్వు ఎండిపోయింది.

"మస్తానూ, సౌండు ఎట్లుండాది?"

"బ్రమ్మాండంగా ఉండాదిన్నా. ఈ పొద్దు మిషను శానా చల్లగా పాడతాండాది."

"ఒక్కసారి నీ ఈపు తడుముకో."

వాడు తడుముకున్నాడు. తీగ చేతికొచ్చింది. తీగను చూశాడు, నన్ను చూశాడు, తాను పెట్టిన రాళ్ళను చూశాడు.

"నా బిడ్డల మీద ఒట్టున్నా. కుయ్యిమనింది. నా చెవులతో విన్నా."

వాడు అబద్ధమాడలేదు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోండి. వాడికి నిజంగానే వినిపించింది. మనిషి ఉందనుకున్నది ఉన్నట్టే వినిపించే చెవి మనది. కానీ ఉందని వాడికి ముందెవరు చెప్పారు? నేను పాతిన చోట్లు రాసిన కాగితం దొర పెట్టెలో ఉంది. మట్టిమీద గుర్తుల్లేవు, వాన మొత్తం చదును చేసింది. నాకు భయం కంటే ముందు కుతూహలం పట్టుకుంది. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయాక, మస్తాను చేత చెప్పులు విడిపించి, యంత్రం లేకుండా ఉత్త చేతులతో నడవమన్నాను.

"పిచ్చిపట్టినాదాన్నా నీకు?"

"నడువు రా. యాడ ఉండాదనిపిస్తే ఆడ నిలబడు."

వాడు నడిచాడు. నేను వాడి కాళ్ళనే చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆగి, కుడివైపు వంగాడు. మళ్ళీ ఐదు. ఎడమవైపు.

అప్పుడు తెలిసింది. నాకే కాదు, వాడికి కూడా.

"ఓర్నాయనో," అన్నాడు మస్తాను, "నువ్వు ఆమదాలు ఏసినావు కదన్నా!"

మా వైపు వేరుశనగ వేసేటప్పుడు మధ్యమధ్య ఒక సాలు ఆముదం వేస్తాం. ఐదడుగులు, ఒక గింజ కుడికి, మడమతో మట్టి కప్పడం. ఐదడుగులు, ఒక గింజ ఎడమకు. నేను చిన్నపిల్లవాడిగా మా అమ్మ వెనక నడిచిన రోజునుంచీ అదే చేశాను. బుట్టలో మైన్లు పెట్టుకుని పొలంలోకి దిగితే, మనసుకు తోచినట్టు పాతమన్నప్పుడు నా మనసుకు తోచింది అదే. దొర టేపుతో కొలిస్తే అంకెలు ఒకదానికొకటి కలవలేదు, ఎందుకంటే నా అడుగులు టేపును అడిగి పడవు. అందుకే ఆయనకు వరుస కనిపించలేదు. కానీ మస్తానూ, మిగతా ఇద్దరూ నాలాగే ఆముదాలు వేసినవాళ్ళు. వాళ్ళ కాళ్ళు నా కాళ్ళ వెంట పోయాయి, కాలు ఆగిన చోట చెవి పాట పాడింది. వాళ్ళు వదిలేసిన ఒకటీ రెండూ, బహుశా నేను తుమ్మిన చోట్లు అయి ఉంటాయి.

మేమిద్దరం పట్టీ మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి ఆగాక, మస్తాను నెమ్మదిగా అన్నాడు: "మరి తీగ లోపల పాతినోళ్ళు ఆమదాలు ఏసినోళ్ళు కాదు గదన్నా."

నాలుగు దినాలు

ఆ శుక్రవారమే పోయి చెప్పాలి. చెప్పలేదు. ఇందులో తమాషా ఏమీ లేదు కనుక సూటిగా రాస్తాను. చెబితే పరీక్షలన్నీ చెల్లవు. మళ్ళీ పాతాలి, మళ్ళీ వాన పడాలి. ఓబులమ్మకు ఈ పంట కారు పోతుంది. నా కూలి పోవచ్చు. పైగా నేను పాతిన తీరు చూసి దొర మెచ్చుకున్నాడు, ఆ మెప్పు వదులుకోబుద్ధి కాలేదు. యంత్రం నిజంగా మంచిదేనేమో, మా కాళ్ళు సాయం చేయకపోయినా పట్టి ఉండేదేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఈ 'ఏమో' అనే మాట మన వృత్తిలో కాళ్ళు తీస్తుంది.

సోమవారం పొద్దున లారీలో సామాను ఎక్కిస్తున్నారు. మస్తాను పెట్టె వీపున తగిలించుకుని నావైపు చూశాడు. తీగ లోపలికి ముందు పోయేవాడు వాడు. నేను గుడారంలోకి పోయి దొరకు అంతా చెప్పాను. ఐదడుగులూ, ఆముదమూ, ఊడిన తీగా.

వరదన్ సార్ కలం కింద పెట్టాడు.

"ఈ సంగతి ఎన్ని దినములుగా ఎరుగుదువు?"

"నాలుగు దినాలు సార్."

"మొదటి దినమే చెప్పి ఉంటే మెచ్చుకునేవాడిని. నాలుగవ దినమున చెప్పావు కనుక ముందు తిడతాను."

తిట్టాడు. అరవంలో కొంత, ఇంగ్లీషులో కొంత, పుస్తకం తెలుగులో కొంత. చివరి భాగానికి నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. తర్వాత ఆయన లేచి మూడు యంత్రాల బ్యాటరీలు తన చేత్తోనే పీకేసి, పెట్టెలు మూసి, వెతికేవాళ్ళకిచ్చి ఇంకా వెతకని పట్టీలమీదికి పంపాడు. మస్తానుకు కథ తెలుసు కాబట్టి వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఇంకో పనివాణ్ణి పెట్టాడు. ప్రాణంలేని పెట్టెలు మోసుకుంటూ ముగ్గురూ నడిచారు. చాలా మైన్లు దొరికాయి. ముగ్గురూ శబ్దం బాగుందన్నారు. దొర పనిముట్ల పెట్టె మీద కూర్చుని, టోపీ తీసి, రిపోర్టును నాలుగుగా చింపాడు.

బాసు అంటే ఎలా ఉండాలని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. యంత్రాలు తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు. తన రిపోర్టు తాను చింపుకునేవాడి దగ్గర పనిచేయండి.

పేకముక్కలు

మళ్ళీ పాతాలి. ఈసారి నా మనసును ఎవరూ నమ్మలేదు, నేను కూడా. గాడిదను పట్టీలో వదిలి అది ఆగిన చోట పాతుదామన్నాను. "గాడిదకు కూడా అలవాట్లు ఉండును" అన్నాడు దొర. ఆయన దగ్గర పేకముక్కలుండేవి. ప్రతి మైనుకూ ముక్క తీయడం, ముక్క చెప్పినన్ని అడుగులు పోవడం, ఎరుపైతే కుడి, నలుపైతే ఎడమ. ఒక పట్టీ మొత్తం ఖాళీగా వదిలేశాం, వెతికేవాళ్ళకు చెప్పకుండా. ఖాళీ పట్టీ లేని పరీక్షను మీరెప్పుడూ ఒప్పుకోవద్దు. ఏమీ లేనిచోట ఏమీ లేదని చెప్పగలిగితేనే, ఉందన్న మాటకు విలువ.

ఇంకొక మార్పు నేను అడిగి చేయించాను. ఓబులమ్మ పొలంలో కింది సగం మెత్తని ఎర్రనేల, పై సగం ఇనుపరాళ్ళ గరుసు. మా పట్టీలన్నీ మెత్తటి నేలలోనే ఉన్నాయి, తవ్వడానికి హాయిగా ఉంటుందని. తీగ బయటే అలాంటి గరుసు చూసి అక్కడ కూడా ఒక పట్టీ వేయించాను.

వానలు పడి ఆగాక వెతికించాం. మెత్తటి నేలలో యంత్రం బాగానే పట్టింది. గరుసులో మాత్రం ఎక్కడ పెట్టినా ఒకటే గోల. రాళ్ళలోని ఇనుముకు అది ప్రతి అడుగులోనూ అరిచేది. ఆ గోల భరించలేక మస్తాను మర తిప్పి శబ్దం తగ్గించాడు. అప్పుడు హాయిగా ముందుకు నడిచాడు. పదడుగులు పోయాడో లేదో, వాడి కాలికింద ఉత్త మైను రేకు నొక్కుకుపోయి టక్కుమంది.

వాడు ఉన్నచోటే నిలబడిపోయాడు.

"అన్నా, నేను సచ్చిపోయినట్లేనా?"

"లెక్క ప్రకారం సచ్చిపోయినావు. కాలు తీసి, బీడీ తాగి రా."

అందరూ నవ్వారు. మస్తాను బీడీ ముట్టించుకోవడానికి నాలుగు పుల్లలు పట్టాయి. సోమవారం మేము లారీ ఎక్కి ఉంటే, ఆ టక్కు ఏ గరుసులో వినిపించేదో వాడికి తెలుసు. నాకూ తెలుసు.

గరుసు నేలకు యంత్రం పనికిరాదని తేలింది. అక్కడ బోర్లా పడుకుని, సన్నని ఇనుప చువ్వను ఏటవాలుగా బెత్తెడుకొకసారి గుచ్చుతూ పోవాలి.

ఓబులమ్మ చెవి

అప్పటికి విత్తే కారు దాటిపోయింది. ఓబులమ్మ మా గుడారం ముందుకు వచ్చి నిలబడింది. ఆ రోజు చేతిలో బుట్ట లేదు, కొడవలి ఉంది.

"సోమవారమంటివి. ఎన్ని సోమవారాలు పోయినాయిరా? మీరు తీయకపోతే ఈ తీగ నేనే కోసుకుని పోతా. పోతే నేనే కదా పోయేది, మీకేమి?"

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. దొర ఏదో చెప్పబోతే ఆపి, నేనామెను గరుసు పట్టీ దగ్గరికి తీసుకుపోయాను. చెవిగిన్నెలు ఆమె తలకు తగిలించి, పళ్ళెం ఊపాను.

"ఏమిరా ఇది, నేలంతా ఏడుస్తాండాది!"

"ఇప్పుడు చూడత్తా." మర తిప్పాను. గోల ఆగింది. పళ్ళేన్ని ఒకచోట ఆపాను. "ఏమన్నా వినపడతాండాదా?"

"ఏమీ ల్యాదు."

అక్కడే చువ్వతో మట్టి తీసి, కింద ఉన్న ఉత్త మైనును చూపించాను. ఆమె వంగి దాన్ని చూసింది. చెవిగిన్నెలు తీసి నా చేతిలో పెట్టింది.

"నా ఎద్దుకు కూడా ఏమీ వినపడల్యా," అంది. తర్వాత, "సువ్వతో అయితే ఎన్ని దినాలు పడుతుందప్పా?"

"ఒక మనిషి దినానికి నాలుగైదు మంచాలంత నేల చేస్తాడత్తా."

"నా సేన్లో ఊరంతా మంచాలేసుకుని పండుకోవచ్చు కదరా!"

"అందుకే ఆలస్యం."

ఆమె కొడవలి నడుముకు దోపుకుని వెళ్ళిపోయింది. తీగ కోయలేదు.

కింది సగం యంత్రంతోనే చేశాం. పై సగం బోర్లా పడుకుని, ఎండలో, మంచం మంచంగా చేశాం. మోకాళ్ళ చర్మం పోయి మళ్ళీ వచ్చింది. గరుసులో దొరికిన నిజమైన మైన్లలో రెండు ఉన్నచోట యంత్రాన్ని కూడా పెట్టి చూశాం, కుతూహలం కొద్దీ. గోల ఉన్నప్పుడు గోలే, తగ్గిస్తే మౌనమే. వాటిని ఉన్నచోటే పేల్చేశారు. ఒకటి పేలినప్పుడు మస్తాను నా చెయ్యి పట్టుకున్నాడు, పట్టుకున్నట్టు వాడికి తెలియలేదు.

అప్పగింత

మరుసటి కారుకు ముందు ముళ్ళతీగ పీకి చుట్టేశాం. దొర కాగితం మీద ముద్ర కొట్టి, వేలిముద్రకు సిరా పెట్టె తెరిచి, ఓబులమ్మను పిలిచాడు. ఆమె వచ్చింది. వెనకాల అరువు తెచ్చుకున్న ఎద్దుల జత, మడక. కాగితం వైపు చూడనైనా లేదు.

"కాయితం మింద నడిస్తే పేలదు సార్. భూమి బాగుండాదంటే మీరు దున్ని చూపించల్ల."

"అమ్మా, నాకు దున్నుట రాదు."

"పట్టుకుంటే వస్తుంది. ఆ పైపక్క, గరుసులో."

దొర నావైపు చూశాడు. ఈ సమయంలో ఎవరైనా జోకు వేస్తే బాగుండునని నాకు అనిపించింది, కానీ మాలో జోకులు వేసేవాణ్ణి నేనే. ఆ గరుసులో ప్రతి బెత్తెడూ మేము గుచ్చాం. గుచ్చామని తెలుసు. అయినా తెలియడం వేరు, మడక కర్రు నేలలోకి దిగడం వేరు. ఆయన బూట్లు విప్పాడు. నేను ఎద్దుల ముకుతాడు పట్టుకున్నాను. మస్తాను ఎవరూ అడగకుండానే వచ్చి రెండోపక్క నడిచాడు.

కర్రు రాయికి తగిలి కిర్రుమన్న ప్రతిసారీ మా ముగ్గురి అడుగూ ఆగింది. ఎద్దులు మాత్రం ఆగలేదు, అవి మా పరీక్షల సంగతి ఎరగవు. మొదటి సాలు అయిపోయింది. రెండోది తిరిగాం. దొర సాలు పాములాగా మెలికలు తిరిగింది. మూడో సాలు సగంలో ఉండగా ఓబులమ్మ గట్టు మీదనుంచి అరిచింది.

"చాలప్పా చాలు! భూమి బాగుండాది. మీ దొరకు దున్నడమే రాదు, నా సేను పాడు సేస్తాండాడు."

మేము దున్నిన సాలు వెంట ఆమె రాలేదు. దున్నని నేలమీదుగా, అడ్డంగా, ఉత్తకాళ్ళతో నడిచి వచ్చింది. దొరను తిడుతూ, మడక మేడి పట్టుకోవడానికి చేయి చాపుతూ వచ్చింది. ఒక్కసారి కూడా నేలవైపు చూసుకోలేదు.